ఈశాన్యంలో ఉండాల్సిన తొట్టి

2021 మార్చి 14, ఆదివారం, ఉదయం తొమ్మిదీ ఇరవైకి ఆమె మా ఆఫీసు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. షార్జాలో అప్పట్లో వారం ఆదివారంతో మొదలయ్యేది. కరోనా రోజులు కాబట్టి వచ్చినవాళ్ళ పేరూ సమయమూ రాయమని మా ముదీర్, అంటే మేనేజరు, ఒక పుస్తకం నా బల్ల మీద పెట్టాడు. ఆయన చెప్పకపోయినా రాసేదాన్నే.

మాది ఇళ్ళకు ప్లాన్లు గీసే చిన్న ఆఫీసు. ముదీర్ ఇంజనీరు, ప్లాన్ల మీద సంతకమూ బాధ్యతా ఆయనవి. గీతలు నావి. 1984లో పెళ్ళి చేసుకుని కడప జిల్లా నుంచి వచ్చాను. ఇక్కడి రోలా బజారులో దర్జీ పని చేసే నా భర్త, నా చేతి గీత తిన్నగా ఉందని, ఇలాంటి ఆఫీసులోనే ట్రేసింగు పనికి పెట్టించాడు. ఆయన 2011లో పోయాడు. నేను గీస్తూనే ఉన్నాను. ఆమె వచ్చిన నాటికి నా వయసు అరవై ఆరు. అప్పటిదాకా నేను గీసిన ఇళ్ళు నాలుగు వందల పన్నెండు. అన్నీ ఇంకొకరు ఆలోచించినవే.

ఆమె ధైద్ దగ్గరి ఎడారి ఊరి మనిషి, బడిలో పాఠాలు చెబుతుంది. ముదీర్ ఫోన్లో ఉంటే నా ఎదురుగా కూర్చుంది. నా వెనక గోడకు అంటించిన కాగితం మీద ఆమె కన్ను పడింది.

"ఇదేమిటి ఖాలా?" అంది. అరబీలోనైనా ఉర్దూలోనైనా పిన్నమ్మ ఖాలానే కాబట్టి ఇద్దరికీ ఇబ్బంది లేదు. మిగతా మాటలు సగం హిందీలో, సగం అరబీలో నడిచాయి.

"మా ఫ్లాటు గోడల వేడి" అన్నాను.

2020లో ఆఫీసు మూసినప్పుడు రోలాలో నా గదిలో పడమటి గోడకు ఒకటి, తూర్పు గోడకు ఒకటి థర్మామీటర్లు తగిలించి నూటపన్నెండు రోజులు, రోజుకు నాలుగుసార్లు రాశాను. మధ్యాహ్నం పన్నెండింటికి పడమటి గోడ చల్లగానే ఉంటుంది. పగలంతా మింగిన ఎండను రాత్రి ఎనిమిదింటికి నా మంచం మీద కక్కుతుంది. ఆ గీతే ఆ కాగితం మీద ఉంది.

"ఏ సాఫ్ట్‌వేర్‌తో చేశావు?"

"రెండు మేకులు, రెండు థర్మామీటర్లు."

ఆమె నవ్వింది. చంకలో తెచ్చిన కాగితాల చుట్ట విప్పి నా ముందు పరిచింది. పెద్ద ఆఫీసు వాళ్ళు వేసిన విల్లా. ముందువైపంతా అద్దం, అదీ పడమటికి. ఎన్ని ఏసీలని లెక్కపెట్టాను. పదకొండు.

"మా అమ్మ దీనిలో బతకదు ఖాలా" అంది.

వాళ్ళు నలుగురు తోబుట్టువులు: ఈమె పెద్దది, తర్వాత ఇద్దరు తమ్ముళ్ళు, ఆఖరున చెల్లెలు. తండ్రి నేలను నాలుగు సమాన ముక్కలు చేసుకున్నారు. ఒక్కొక్కటి వెడల్పు ఇరవైనాలుగు మీటర్లు, పొడవు ముప్ఫై, పక్కపక్కనే. తల్లికి ఏసీ గాలి తగిలితే దగ్గు తెరిపి ఇవ్వదు. పగటిపూట ఫ్యాను కింద కూర్చోగలగాలి. నలుగురు పిల్లల ఇళ్ళకూ ఎండ తగలకుండా నడవగలగాలి. ముసలావిడ అడిగినవి ఆ రెండే. వెనకటి ఊళ్ళలో ఇంటికీ ఇంటికీ మధ్య సన్నటి నీడ సందు ఉండేది, దాన్ని సిక్కా అంటారు. నాలుగిళ్ళూ ఒకే తీరున కడితేనే ఒకదాని నీడ ఇంకొకదాని మీద పడి ఆ సందు వస్తుంది. ఒక్కరు తప్పుకున్నా రాదు.

పెద్ద తమ్ముడికి అద్దం విల్లా కావాలి. అందుకని వాళ్ళలో వాళ్ళు ఒక పందెం వేసుకున్నారు. ముందు నేను గీసే ప్లానుతో అక్క ఇల్లు లేస్తుంది. ఎండలు ముదిరిన జూలైలో వరసగా ఏడు రోజులు, ఏసీ లేకుండా, సాయంత్రం నాలుగింటికి హాల్లో వేడి ఒక అంకె దాటకూడదు. దాటకపోతే మిగతా మూడూ అలాగే కడతారు. దాటితే ఎవరి దారి వాళ్ళది. ఆ అంకె కోసం అదే నెలలో తమ్ముడూ నేనూ చేపల మార్కెట్లోలా బేరమాడాం. అతను ముప్ఫై అన్నాడు. నేను ముప్ఫైయారు అన్నాను. ముప్ఫైనాలుగు దగ్గర తెగింది.

"యా మిస్తరా, నీకు పిచ్చి పట్టింది" అన్నాడు ముదీర్. మిస్తరా అంటే గీతలు గీసే స్కేలు. ముప్ఫై ఏళ్ళుగా నన్ను పిలిచే తీరు అదే. "బయట నలభైయారు ఉంటుంది."

"లోపల ముప్ఫైనాలుగు ఉంటుంది" అన్నాను. అప్పటికి ఒక్క గీత కూడా గీయలేదు.

మేము దూదేకులవాళ్ళం. మా నాయన ప్రొద్దుటూరు వైపు పరుపులు కుట్టేవాడు. "దూదికి వెచ్చదనమూ లేదు, చల్లదనమూ లేదు పాపా. దాంట్లో ఇరుక్కున్న గాలే పనంతా చేసేది" అనేవాడు. పడమటి గోడ గీసేటప్పుడు ఆ పరుపే నా మనసులో ఉంది. బయట ఇరవై సెంటీమీటర్ల గోడ, ఐదు సెంటీమీటర్ల ఖాళీ, లోపల ఇంకో పది. పడమటికి ఒక్క కిటికీ లేదు. స్నానాల గదులు, సామాన్ల గది, మెట్లు అటు పెట్టి ఎండను వాటికి వదిలేశాను. మధ్యలో కప్పు లేని వాకిలి. మా వైపు మట్టి మిద్దెలకు గవాచి ఉన్నట్టు హాలు కప్పులో మూత ఉన్న కంత. వాయవ్యాన ఎనిమిది మీటర్ల గాలి గోపురం. ఇక్కడివాళ్ళు దాన్ని బర్జీల్ అంటారు. దాని నోరు గాలి వచ్చే వాయవ్యానికే తిప్పాను. పగటి గాలి మంట కాబట్టి పొద్దున ఎనిమిదింటికి గోపురం తలుపులు మూయాలి, పొద్దుగుంకాక తెరవాలి. చల్లబడిన గాలి తెల్లారేదాకా గోడల్ని కడిగితే, ఆ గోడలే మర్నాడు ఇంటిని కాస్తాయి. లెక్క అంతే. గోపురం ఒక్క రాత్రి మూతపడితే లెక్క తప్పుతుంది.

ఇల్లు మనుషులతో పాటు మారాలి కూడా. అందుకని గోడల్లో మూడు తలుపులు దాచాను. పైన దూలం వేసి, కింద ఇటుకలు కట్టేసి, పూత పూస్తారు. రేపు పెళ్ళైన కొడుక్కో, తిరిగొచ్చిన కూతురికో వేరే వాకిలి కావలసినప్పుడు ఇటుకలు తీస్తే చాలు. ఆ గదుల గోడల్లో ఇంకో వంటింటికి నీళ్ళ గొట్టాలు ముందే వేసి మూతలు బిగించాం.

నీళ్ళ లెక్క కూడా చేశాను. ఇంట్లో ఏడుగురు. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకు మనిషికి మూడు లీటర్లు, రోజుకు ఐదుసార్లు. నూటఐదు లీటర్లు. స్నానం నీళ్ళు వేరే. అదంతా ఇసుక వడపోతలోంచి భూమిలో పూడ్చిన తొట్టిలోకి వెళ్ళి, అక్కడి నుంచి చెట్లకు పోవాలి. తొట్టిని ఈశాన్య మూలన పెట్టాను. నేల వాలు అటే, చెట్లూ అటే. వాయవ్యపు గాలికి వాసన తూర్పు ప్రహరీ దాటి రోడ్డు మీదికి పోతుంది. ఇంటికి తగలదు.

2021 నవంబరులో అనుమతి వచ్చింది. 2022 జనవరి 10, సోమవారం పునాది తవ్వారు.

మేస్త్రీ జగిత్యాల దిక్కు మనిషి, యాభై దాటినవాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ గల్ఫులోనే ఉన్నాడు. నేను మాట్లాడింది విని, చేతిలో తాపీ కింద పెట్టేశాడు.

"తెలుగామెనా అమ్మా! నిజంగ? గీ షీట్లన్ని మీరు గీసినయేనా?"

"నేనేనప్పా."

"మల్ల ఇన్నేండ్లు ఏడున్నరు? నేను హిందీల తిట్లు తిని సచ్చిన."

"తెలుగులో తింటావులే ఇంక" అన్నాను.

తిట్టే అవసరం రాలేదు. పని బంగారంలా చేశాడు. నేను వారానికి రెండుసార్లు సైటుకు వెళ్ళి, ప్రతి గోడనూ టేపుతో కొలిచేదాన్ని. సెంటీమీటరు తేడా వస్తే పడగొట్టించేదాన్ని. రెండుసార్లు పడగొట్టించాను. కూలీలు నన్ను చూడగానే "యల్లా యల్లా, టేపొచ్చింది" అని ఒకర్నొకరు తొందరపెట్టుకునేవాళ్ళు.

2022 ఏప్రిల్ 12, మంగళవారం, రంజాన్ ఉపవాసాల్లో నాకు పదకొండో రోజా. తొట్టి గుంత పూడ్చే రోజు. నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. గుంత పూడ్చేసి ఉంది, పైన మట్టి చదును చేసి ఉంది. మోకాలు నొప్పి. నాలుక ఎండిపోయి ఉంది.

"తొట్టి పెట్టేసినావా?" అన్నాను.

"పెట్టిన అమ్మా. మంచి జాగల పెట్టిన. మీరు ఎండల తిరగకున్రి, రోజా ఉన్నరు. గిటు నీడకు కూసోండ్రి."

తొట్టి ప్లాను ప్రకారమే ఉందన్న కాగితం ఇచ్చాడు. సంతకం పెట్టాను. టేపు సంచిలోంచి తియ్యలేదు. హిందీలో చెప్పి ఉంటే తీసేదాన్ని. మలయాళంలో చెప్పి ఉంటే మట్టి తవ్వించి చూసేదాన్ని. తెలుగులో చెప్పాడు, నీడకు కూర్చోమన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో కొలవకుండా పెట్టిన సంతకం అదొక్కటే.

పని అయ్యాక ఇంకో తప్పు చేశాను. డాబా ఎక్కడానికి మోకాలు రానివ్వక, మేస్త్రీని ఫోన్లో ఫోటో పంపమన్నాను. పైన గాలి గొట్టాలు మూడు ఉండాలి, స్నానాల గదులవి రెండు, ఈశాన్యపు కొసన తొట్టిది ఒకటి. ఫోటోలో మూడు ఉన్నాయి. లెక్క సరిపోయిందని రాసుకున్నాను. ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకోలేదు.

2023 మే నెలాఖరుకు ఇంట్లో దిగారు. తల్లి తన చేత్తో పెరట్లో రేగు మొక్క నాటింది. సిద్ర్ అంటారు ఇక్కడ. ఆకు చూస్తే మన రేగే. జూలై 10, సోమవారం పందెం మొదలైంది. హాల్లో మూడు థర్మామీటర్లు: ఒకటి నాది, ఒకటి పెద్ద తమ్ముడిది, ఒకటి ముదీర్‌ది. ఎవరి మీదా ఎవరికీ నమ్మకం లేదు.

సోమవారం బయట నలభైఐదున్నర, హాల్లో ముప్ఫైమూడు పాయింట్ ఒకటి. తమ్ముడు తన థర్మామీటర్ని రెండుసార్లు విదిలించి చూశాడు. ఆ సాయంత్రం చూడ్డానికి చుట్టాలంతా వచ్చారు. పంతొమ్మిదిమంది భోజనాలు, వజూలు, పిల్లల స్నానాలు. తొట్టి మొదటిసారి నిండింది.

మంగళవారం ముప్ఫైమూడు పాయింట్ నాలుగు. ముసలావిడ ఫ్యాను కింద కూర్చుని ఖర్జూరాల గింజలు తీస్తూ, "పెద్దోడా, నీ అద్దాల ఇల్లు చేపల తొట్టికి పనికొస్తుంది" అంది. అందరూ నవ్వారు, అతను కూడా.

బుధవారం పొద్దుగుంకాక, మగ్రిబ్ నమాజు వేళ గోపురం తలుపులు తెరిచారు. పది నిమిషాలకు ఇంటినిండా కుళ్ళు నీళ్ళ కంపు. అక్క ఫోన్ చేసింది. ఫోన్లోంచే ముసలావిడ దగ్గు వినపడుతోంది.

"ఖాలా, గోపురం మూసేస్తున్నాను. మా అమ్మకు ఊపిరి ఆడటం లేదు."

మూయొద్దని నేను ఎలా అంటాను? మూశారు. గోడలు వేడితోనే తెల్లారాయి. గురువారం నాలుగింటికి ముప్ఫైనాలుగు పాయింట్ తొమ్మిది. శుక్రవారం ముప్ఫైఐదు పాయింట్ ఏడు.

"ఖలాస్" అన్నాడు పెద్ద తమ్ముడు. ఎగతాళిగా అనలేదు. ఎగతాళి చేసి ఉంటే కాస్త నయంగా ఉండేది.

శనివారం పొద్దున ఆరింటికి టేపు పట్టుకుని పెరట్లో నిలబడ్డాను. ఈశాన్య మూలన, ప్రహరీ నుంచి రెండు మీటర్ల పది సెంటీమీటర్ల దగ్గర, మూత ఉండాలి. లేదు. ఇనుప చువ్వతో పొడిచి చూశాను. ఒట్టి ఇసుక. గోడ వెంబడి పొడుచుకుంటూ వెళ్ళాను. పద్దెనిమిది మీటర్ల నలభై సెంటీమీటర్ల అవతల, వాయవ్యాన, గోపురం మొదట్లో చువ్వ ఠంగుమంది. అక్కడి నుంచి తొట్టి గాలి గొట్టం గోడ పక్కనే పైకి వెళ్ళి, గోపురం నోటికి రెండు మీటర్ల అరవై దూరంలో, సరిగ్గా గాలికి ఎదురుగా నిలబడి ఉంది. ఫోటోలో నేను లెక్కపెట్టిన మూడో గొట్టం అదే.

మేస్త్రీ అప్పటికి అజ్మాన్‌లో వేరే సైటులో ఉన్నాడు. ఆదివారం వచ్చాడు. మూత చూపించాను. అతను దాచలేదు, దబాయించలేదు.

"నేనే మార్పిచ్చిన అమ్మా. ఈశాన్యంల మురికి నీళ్ళా? పగోని ఇంటికి గూడ గట్ట పెట్టరు. మా నాయిన ఇండ్లు గట్టిండు, నేను గట్టిన. ఈశాన్యంల గలీజు పెట్టిన ఇల్లు నిలవడ్డది నేను సూడలే."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తె మీరు వద్దందురు."

"అంటే వద్దంటానని తెలిసే చేసినావు."

"మీరు పెద్దమనిషి, తెలుగామె. తురకోల్ల కాయిదా వేరే ఉంటది, సూసుకోలేదు గావచ్చు అనుకున్న. మీ పేరు మీద కడుతున్న ఇల్లు. మీకు మాట రావద్దని చేసిన. వాసన కిందికి రావద్దని గొట్టం గూడ మీదికి లేపిన."

"వీళ్ళకు ఈశాన్యం లేదప్పా. వీళ్ళకుండేది ఖిబ్లా. అది పడమర."

"ఖిబ్లా జోలికి నేను పోలే అమ్మా!" అన్నాడు, అపచారం అంటగట్టినట్టు.

నాకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. రెండూ మింగేశాను. ముదీర్ నన్ను పక్కకు పిలిచి, "ప్లంబరు పొరపాటని రాద్దాం. ప్లంబరు ఊరెళ్ళిపోయాడు, అడిగేవాడు లేడు" అన్నాడు.

"సంతకం ప్లంబరుది కాదు" అన్నాను.

తెల్లకాగితం మీద అరబీలో నాలుగు వాక్యాలు రాయించాను. తొట్టి స్థలం సైటులో మార్చారు. మార్చింది మేస్త్రీ. 2022 ఏప్రిల్ 12న కొలవకుండా సంతకం చేసింది నేను. లోపం ఇంటి ప్లానులో లేదు, కొలవకపోవడంలో ఉంది. కింద సంతకం పెట్టి, మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్ళి, అక్క చేతికి ఇచ్చాను. ఎందుకు మార్చాడో నోటితో చెప్పాను. ఆమె చదివి మేస్త్రీ వైపు చూసింది.

"నా ఇంటి మంచి కోసమా?"

"హా మేడమ్. ఘర్ కే వాస్తే" అన్నాడు.

"నా ఇంటికి మంచి చెయ్యబోయి మా తమ్ముణ్ణి పోగొట్టావు." గొంతు పెంచలేదు. బడిలో పిల్లలకు మార్కులు చదివినట్టు అంది.

లోపలి నుంచి ముసలావిడ కేకేసింది. "వాడు దొంగతనం చెయ్యలేదు. నా ఇల్లు బాగుండాలనుకున్నాడు. మళ్ళీ తవ్వమను. ముందు టీ ఇవ్వు."

జూలై 20, గురువారం పెద్ద తమ్ముడు అద్దం విల్లాకు ఒప్పందం రాసుకున్నాడు. అతని ముక్క అక్క ఇంటికి ఆనుకునే, రెండోది. నేను ఫోన్ చేసి ఒక్క నెల ఆగమన్నాను. "ఖాలా, నువ్వు నిజం చెప్పావు. దానికి గౌరవం. కానీ పందెం పందెమే" అన్నాడు. ఆ అంకె దగ్గర బేరం తెంపింది నేనే కాబట్టి ఫోన్ పెట్టేశాను.

తొట్టిని తిరిగి ఈశాన్యానికి మార్చకపోతే గోపురం ఎప్పటికీ తెరవలేరు. మేస్త్రీకి శుక్రవారం ఒక్కటే సెలవు. ఆగస్టు 4, 11, 18: మూడు శుక్రవారాలు తన గదిలో ఉండే ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చాడు. తెల్లారుజాము ఐదింటికి మొదలుపెట్టి, మధ్యాహ్నపు జుమా నమాజు వేళకు ముందే పదకొండింటికి ఆపేవాళ్ళు. కూలి ఇస్తామంటే తీసుకోలేదు. తీసుకునుంటే నాకు తేలిగ్గా ఉండేది. నేను కుర్చీ వేసుకుని, గుంత అంచున టేపు పట్టుకుని కూర్చున్నాను. కొత్త గొట్టం దారి సరిగ్గా ముసలావిడ నాటిన రేగు మొక్క కిందుగా వచ్చింది. వంకర తిప్పి చూశాను, వాలు తగ్గింది. మొక్కను వేరుతో తీసి పక్కన పెట్టమన్నాను. ఆ ఎండకు మూడో రోజు పోయింది.

తొట్టిని ఈశాన్యంలో దించేటప్పుడు మేస్త్రీ చెప్పులు విడిచి గుంతలోకి దిగాడు. పెదాలు కదిలాయి.

"ఏమంటున్నావు?" అన్నాను.

"మాఫ్ చెయ్యమంటున్న."

"ఎవర్ని?"

"అందర్ని" అన్నాడు.

మూత పెట్టే ముందు నాలుగు వైపులా కొలిచాను. రెండు మీటర్ల పది. రెండు మీటర్ల పది. మళ్ళీ కొలిచాను. ఆ తర్వాతే పూడ్చమన్నాను.

ఆగస్టు 21, సోమవారం నుంచి 27 దాకా రెండో పరీక్ష. పందెం లేదు, అడిగినవాడు లేడు. అయినా జూలైలో పెట్టిన చోటే థర్మామీటరు పెట్టి రోజూ నాలుగింటికి రాశాను. అన్నిటికన్నా ఎక్కువ గురువారం నాడు, ముప్ఫైమూడు పాయింట్ ఆరు. ఆ రోజు బయట నలభైఐదు. ఏడు రోజులూ ముసలావిడ ఫ్యాను కిందే కూర్చుంది. దగ్గు లేదు. ఆ కాగితం నకళ్ళు నలుగురికీ పంపాను.

చిన్న తమ్ముడు అప్పటికే షార్జాలో ఫ్లాటు చూసుకున్నాడు. మూడో ముక్కను ఖాళీగా వదిలేశాడు. చెల్లెలు మాత్రం వచ్చింది. "నాకు అక్కదే కావాలి. ఒక్క అంగుళం మారకూడదు" అంది. ఆమెది నాలుగో ముక్క, అటు చివర. నా రెండు ఇళ్ళూ రెండు కొసల్లో నిలబడ్డాయి, మధ్యలో పెద్ద తమ్ముడి పునాదీ ఒక ఖాళీ ముక్కా. నలభై ఎనిమిది మీటర్ల ఎండ. పెద్ద తమ్ముడూ చెల్లెలూ ముక్కలు మార్చుకుంటే రెండిళ్ళూ పక్కపక్కన వస్తాయని అడిగి చూశాను. పునాది తవ్వేశామన్నారు.

సరే, గోడల నీడ రాదు. చెట్ల నీడ రావాలి. వెనక ప్రహరీ వెంబడి మూడు మీటర్లకొకటి చొప్పున, అటు కొసా ఇటు కొసా కలిపి, పదిహేడు రేగు మొక్కలు. చెట్టుకు ఆరు లీటర్లు, నూటరెండు. వజూ నీళ్ళు నూటఐదు. మూడు లీటర్లు మిగులు. తల్లి అడిగిందని తమ్ముళ్ళిద్దరూ తమ నేల వెనకంచున మూడు మీటర్లు వదిలారు. 2023 నవంబరు 25, శనివారం నాటించాను. గుంతలు మేస్త్రీ మనుషులే తవ్వారు. ఏ గుంత ఎక్కడో ఈసారి నేనే సున్నం చల్లి చూపించాను.

చెల్లెలి ఇల్లు 2025 మార్చిలో పూర్తయింది. మట్టి పైనా కిందా కలిపి రెండువందల పద్నాలుగు చోట్ల కొలిచాను. మట్టి కిందివి ముప్ఫై ఒకటి. మేస్త్రీ ప్రతి గుంతా తెరిచి ఉంచి, "రాండ్రి అమ్మా, టేపు వెట్టుండ్రి, నన్ను నమ్మకున్రి" అని పిలిచేవాడు.

అదే ఏడు మే నెలలో అక్క పెద్ద కూతురు ఇద్దరు పిల్లలతో పుట్టింటికి వచ్చేసింది. ఎందుకని నేను అడగలేదు. వేరే వాకిలి కావాలన్నారు. తూర్పు గోడలో దాచిన తలుపు దగ్గర మేస్త్రీ పెన్సిలుతో గీత గీసి ఇటుకలు తీశాడు. రెండు గంటల నలభై నిమిషాలు. దూలం వెంట్రుకవాసి కదల్లేదు. గోడలోని గొట్టాల మూతలు విప్పితే నీళ్ళు వచ్చాయి. సాయంత్రానికి ఆ గది ఒక ఇల్లయింది. నేను గడప మీద కూర్చుని టీ తాగాను.

ముసలావిడ ఇప్పుడు సాయంత్రాలు ఆ రేగు వరస కింద చెల్లెలి ఇంటికి నడుస్తుంది. నీడ ఉన్నంత మేర గొడుగు మూసి, లేని చోట తెరుస్తుంది. గొడుగు ఎక్కడ తెరిచిందో నేను వెనక నుంచి అడుగులతో కొలుచుకుంటాను.

పోయినవాటి లెక్క ఇది. నాలుగు ఇళ్ళలో రెండు. సిక్కా, మొత్తం. జూలై పందెంలో నాలుగు రోజులు. ముసలావిడ నాటిన మొదటి మొక్క. తర్వాత నాటిన పదిహేడులో నాలుగు. మేస్త్రీ సెలవు రోజులు మూడు, అతని గదివాళ్ళవి మూడేసి. సైటు కాగితాల మీద నా సంతకం, పదకొండు నెలలు; ముదీర్ ఆపేశాడు, ఆపడం న్యాయమే. నలభై ఎనిమిది మీటర్లలో ఇంకా నీడ పడనివి ఇరవై ఏడు.